కలిపి కొలుచు విద్య

పూర్వము మన పల్లెలలో ధాన్యము కొలుచునపుడు మొదటి కుంచమును 'ఒకటి' యని లెక్కింపక 'లాభము' అని పలుకుచు మొదలిడెడివారు. తరువాత 'రెండు, మూడు' అని లెక్క సాగెడిది. కుంచము నిండుగా నున్నదా, గింజ నేలపాలైనదా యని అమ్మువాడును కొనువాడును కన్నార్పక చూచుచుండెడివారు. కొలత తప్పినచో ఇరువురిలో నొకరికి నష్టము తప్పదు. కావుననే కొలుచువాడు నిజాయితీపరుడై యుండవలెనని పెద్దలు చెప్పుచుండిరి.

కాని కుంచమునకును త్రాసునకును అందని వస్తువులు కొన్ని కలవు. ఒక బాలుని నెత్తురులో సీసమెంత యున్నది? త్రాగునీటిలో నెంత యున్నది? ఇసుకరేణువంత రాతికణములో నెంత యున్నది? అది కంటికి కనబడదు. దానిని వెలికి తీయుటకు రసాయన శాస్త్రజ్ఞుడు పదార్థమును ఆమ్లములో కరగించును, వడపోయును, ఇతర పదార్థములనుండి వేఱుపఱచును, ఆవిరి చేసి ఎండబెట్టును. ఇన్ని పనులు చేయునపుడు కొంత గాజుపాత్రకు అంటుకొనును, కొంత వడపోతలో నిలిచిపోవును, కొంత ఒలికిపోవును. తుదకు చేతికి దక్కినది అసలులో సగమో, పావో తెలియదు. కొలుచుచుండగనే వస్తువు తఱిగిపోవుచున్నచో దాని అసలు మొత్తము తెలియు టెట్లు?

ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఒక విచిత్రమైన సమాధానము కనుగొనిరి. "కొలువదలచిన వస్తువునే మరికొంత తెచ్చి, ముందుగా అందులో కలుపుము, తరువాత కొలువుము" అనునదే ఆ సమాధానము. వినుటకు ఇది తెలివిలేని మాటవలె తోచును. ఎంత యున్నదో తెలియని దానిలో ఇంకను కలిపినచో లెక్క మఱింత చిక్కు పడదా? పడదు. ఎట్లు పడదో ఒక జొన్నల బస్తా మనకు చెప్పగలదు.

జొన్నల బస్తా

ఒక బస్తాలో తెల్లజొన్న లున్నవనుకొనుడు. ఎన్ని గింజలున్నవో తెలియదు. మీరు వేయి పచ్చజొన్న గింజలను లెక్కించి అందులో పోసి, అడుగు మీదికిని మీది అడుగునకును వచ్చునట్లు బాగుగా కలియబెట్టితిరి. తరువాత కొన్ని గింజలు తీసి చూడగా అందులో తెల్లగింజలు 400, పచ్చగింజలు 20 వచ్చినవి. అనగా ఒక్కొక్క పచ్చగింజకు ఇరువది తెల్లగింజలు. మీరు పోసిన పచ్చగింజలు వేయి గనుక బస్తాలోని తెల్లగింజలు ఇరువదివేలని మీరు చెప్పగలరు. బస్తా నంతటిని లెక్కింప నక్కఱ లేకపోయినది.

ఇంతకంటె వింత యింకొకటి కలదు. కలియబెట్టిన పిమ్మట ఆ బస్తాను బండిమీద తీసికొనిపోవుచుండగా చిరిగి, సగము గింజలు దారిలో పడిపోయినవనుకొనుడు. మిగిలిన సగమునుండి గింజలు తీసి చూచినను ఒక పచ్చగింజకు ఇరువది తెల్లగింజలే యుండును. ఏలన, పడిపోవునపుడు తెల్లవియు పచ్చవియు సమానమైన పాళ్ళలోనే పడిపోయినవి. కావున బస్తా సగమైనను, అది నిండుగా నున్ననాటి లెక్క మీ చేతిలోనే యున్నది.

అయితే ఈ విద్యకు రెండు నియమములు కలవు. మొదటిది, గింజలు బాగుగా కలియవలెను. పచ్చగింజలను పైపైన పోసి, పైనుండియే తీసినచో లెక్క తలక్రిందులగును. రెండవది, బయటనుండి వేఱు తెల్లగింజలు వచ్చి చేరరాదు. ప్రక్క బస్తానుండి కొన్ని తెల్లజొన్నలు జారి యిందులో పడినచో అవికూడ మన లెక్కలో చేరి, ఉన్నదానికంటె ఎక్కువ చూపును. పోయిన గింజను ఈ విద్య క్షమించును. వచ్చి చేరిన గింజను మాత్రము క్షమింపదు. ఈ మాటను గుర్తుంచుకొనుడు. దీనితో మనకు మున్ముందు పని కలదు.

ఒకే సీసము, వేఱు బరువులు

తెల్లజొన్నకు పచ్చజొన్న దొరికినది. మఱి సీసమునకు అట్టి జత యేది? రసాయనిక చర్యలలో సీసమువలెనే ప్రవర్తింపవలెను. కాని చూచినంతనే వేఱని గుర్తింపబడవలెను. ప్రకృతియే అట్టి జతలను సృష్టించి యుంచినది. ఒకే మూలకపు పరమాణువు లన్నియు ఒకే బరువు గలవి కావు. కేంద్రకములోని ప్రోటాన్ల సంఖ్య ఒకటే యైనను న్యూట్రాన్ల సంఖ్యలో భేద ముండుటచే కొన్ని తేలికగను కొన్ని బరువుగను ఉండును. ఇట్టి పరమాణువులకు 1913లో ఫ్రెడరిక్ సాడీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 'ఐసోటోపులు' అను పేరును వాడుకలోనికి తెచ్చెను. గ్రీకు భాషలో దీనికి 'ఒకే చోటు గలవి' యని యర్థము. మూలకముల పట్టికలో అవి యన్నియు ఒకే గడిలో నుండును. ఈ పేరును సూచించినది మార్గరెట్ టాడ్ అను వైద్యురాలు.

సామాన్యమైన సీసములో నాలుగు ఐసోటోపులు కలవు. నూఱు పరమాణువులు తీసికొన్నచో వానిలో ఇంచుమించు 52 పరమాణువులు 208 బరువు గలవి. 24 పరమాణువులు 206 బరువు గలవి. 22 పరమాణువులు 207 బరువు గలవి. 204 బరువు గలవి ఒకటి రెండు మాత్రమే. ఆమ్లములో కరగుటలోను, వడపోతలో నిలుచుటలోను, పాత్రకు అంటుకొనుటలోను ఈ నాలుగింటికిని చెప్పుకొనదగిన భేదము లేదు.

ఈ గుణము ఒక యపజయమువలన లోకమునకు ఉపయోగపడినది. 1911లో హంగేరీ దేశీయుడగు జార్జి హెవెసీ అను యువకుడు ఇంగ్లండులోని మాంచెస్టరులో రూథర్‌ఫర్డు మహాశయుని వద్ద పనిచేయుచుండెను. సీసములో కలిసియున్న 'రేడియము-డి' అను వికిరణశీల పదార్థమును వేఱుచేయుమని రూథర్‌ఫర్డు ఆయనను కోరెను. హెవెసీ ఎంత శ్రమించినను అవి విడిపోలేదు. విడిపోవు టెట్లు? రేడియము-డి కూడ సీసమే. అది 210 బరువు గల సీసపు ఐసోటోపు. మఱియొకడైనచో నిరాశతో పని మానియుండును. హెవెసీ మాత్రము తిరుగవేసి ఆలోచించెను. 'ఇది సీసమునుండి విడిపోదు గదా! అయినచో సీసము పోయినచోటి కెల్ల ఇదియు పోవును. దీని వికిరణమును కనిపెట్టినచో సీసపు జాడ తెలియును' అనుకొనెను. 1913లో వియన్నా నగరమున పానెట్ అను శాస్త్రజ్ఞునితో కలిసి ఆయన ఈ యూహను ప్రయోగించి చూచెను. 1930 తరువాతి తొలి యేండ్లలో దీనినే వాడి రాళ్ళలోని సీసమును కొలిచెను. ఐసోటోపులను జాడ తీయుటకు వాడినందులకు ఆయనకు 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

వికిరణము లేని ఐసోటోపులతోను ఈ పని చేయవచ్చునని 1940లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున రిటెన్‌బర్గు, ఫాస్టరు అను వారు చూపిరి. వారు బరువు హెచ్చిన నైట్రోజను గల ఆమైనో ఆమ్లములను కలిపి, మాంసకృత్తులలో ఆ యామ్లము లెంత యున్నవో లెక్కించిరి. ఈ విధానమునకు 'ఐసోటోపు విలీన పద్ధతి' యని పేరు.

ఒక చిన్న లెక్క

ఒక రాతిపొడిలో సీసపు పరమాణువు లెన్ని కలవో తెలియవలె ననుకొందము. 206 బరువు గలవి మాత్రమే యున్న సీసమును తెచ్చి, అందులోని పది కోట్ల పరమాణువులను ఆ పొడిలో కలిపి, అంతయు ఆమ్లములో పూర్తిగా కరగించితిమి. తరువాత సీసమును వేఱుచేసి చూడగా, ప్రతి 52 పరమాణువుల 208కి 34 పరమాణువుల 206 కనబడినవి. సహజముగ నైనచో 52కి 24 మాత్రమే యుండవలెను. ఎక్కువైన 10 మనము కలిపినవి. అనగా మనము కలిపిన ప్రతి పది పరమాణువులకు రాతిలో నూఱు సీసపు పరమాణువులున్నవి. మనము కలిపినవి పది కోట్లు; కావున రాతిలోనివి నూఱు కోట్లు. నడుమ సగము సీసము ఒలికిపోయినను ఈ లెక్క మారదు. ఇది జొన్నల బస్తా లెక్కయే. సీసపు పాళ్ళు అన్ని రాళ్ళలో నొక్కరీతిగా నుండవు గనుక, ఏమియు కలుపని భాగము నొకదానిని ముందుగా పరీక్షించి సహజమైన పాళ్ళను తెలిసికొందురు.

ఇచట రెండు సందేహములు కలుగును. ఈ బరువులను గుర్తించునది యేది? ఒకే ఐసోటోపు గల సీసము ఎచట దొరకును?

మలుపు తిరుగు బండ్లను చూడుడు. ఒకే బలముతో లాగబడినను ఖాళీబండి ఇఱుకుగా తిరుగును. నిండుబండి వెడల్పుగా తిరుగును. ద్రవ్యరాశి వర్ణపటమాపకము అను యంత్రములో పరమాణువులకు విద్యుదావేశము కలిగించి, గాలి తీసివేసిన గొట్టములో వేగముగా పరుగెత్తించి, అయస్కాంతపు కొనల నడుమనుండి పంపుదురు. తేలికవి ఎక్కువగ వంగును; బరువైనవి తక్కువగ వంగును. ఈ విధముగ వేర్వేఱు దారులు పట్టిన వానిని వేర్వేఱుగ లెక్కింతురు. 1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ నిర్మించిన యంత్రము ఇట్టివానిలో మొదటి తరమునకు చెందినది. ఆయనకు 1922లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఈ సూత్రముతోనే పెద్ద యంత్రములు నిర్మించి, ఒక్కొక్క దారిలో వచ్చు పరమాణువులను ప్రోగుచేసినచో, కోరిన ఐసోటోపు మిక్కిలి హెచ్చుగా గల పదార్థము లభించును. దీనిని సుసంపన్న ఐసోటోపు అందురు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో అణ్వస్త్రమునకై అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో యురేనియమును వేఱుచేసిన యంత్రములే, 1945 తరువాత ఇట్టి ఐసోటోపులను ప్రయోగశాలల కందించినవి. చంపుటకు పుట్టిన సాధనము కొలుచుటకు పనికివచ్చినది.

వచ్చి చేరిన గింజలు

ఇక ఈ విద్యను చేతబట్టి ఒక మహోపకారము చేసిన పురుషుని కథ వినుడు. ఆయన పేరు క్లెయిర్ ప్యాటర్సన్. ఆయన 1922లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున జన్మించెను. షికాగో విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నున్నప్పుడు గురువగు హారిసన్ బ్రౌన్ ఆయనకు ఒక పని యప్పగించెను. రాళ్ళలోని జిర్కాను కణములలో సీసమెంత యున్నదో ఐసోటోపు విలీన పద్ధతిచే కొలువవలెను. యురేనియము మిక్కిలి నెమ్మదిగా సీసముగా మారును గనుక, ఆ రెండిటిని కొలిచినచో రాతి వయస్సు తెలియును. యురేనియమును కొలుచు పనిని జార్జి టిల్టన్ అను తోటి విద్యార్థి చేపట్టెను.

టిల్టన్ లెక్కలు సరిగా వచ్చినవి. ప్యాటర్సన్ లెక్కలు మాత్రము రాలేదు. ఉండవలసినదానికంటె సీసము ఎంతో హెచ్చుగా కనబడుచుండెను. పద్ధతిలో దోషము లేదు. యంత్రములో దోషము లేదు. మఱి సీసము ఎచటనుండి వచ్చుచున్నది? ఆయన ఏమియు వేయని ఖాళీపాత్రతో పరీక్షయంతయు నడపి చూచెను. అందులోను సీసము కనబడెను! నీటిలో సీసము, ఆమ్లములో సీసము, గాజులో సీసము, గదిలోని దుమ్ములో సీసము, కడకు తన వెండ్రుకలలోను దుస్తులలోను సీసము. ప్రక్క బస్తానుండి తెల్లజొన్నలు ఎడతెగక వచ్చి పడుచుండెను.

ప్యాటర్సన్ చీపురు పట్టెను, నేల కడిగెను, పాత్రలను ఆమ్లములో మఱగించెను, వాడు ద్రవములన్నిటిని తానే శుద్ధిచేసికొనెను. 1952లో కాలిఫోర్నియాలోని పాసడీనాకు పోయి, అచటి సాంకేతిక విద్యాసంస్థలో గాలిని వడపోసి లోనికి పంపు ప్రయోగశాలను నిర్మించెను. లోనికి వచ్చువారు ప్రత్యేకమైన దుస్తులు ధరింపవలెను. ఈ శుభ్రత సాధించిన పిమ్మట 1953లో ఒక ఇనుప ఉల్కాశకలములోని సీసపు ఐసోటోపులను ఆయన కొలిచెను. యురేనియము దాదాపు లేని ఆ శకలములో, సౌరకుటుంబము పుట్టిననాటి సీసము మార్పులేక నిలిచియుండెను. దానితో ఇతర ఉల్కలలోని సీసమును పోల్చి, భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరములని, అందు 7 కోట్లు హెచ్చుతగ్గు లుండవచ్చునని 1956లో ఆయన ప్రకటించెను. నాటినుండి నేటివఱకు ఆ సంఖ్య ఇంచుమించు అట్లే నిలిచియున్నది.

మఱియొకడైనచో ఈ కీర్తితో తృప్తిపడి యుండును. కాని ప్యాటర్సన్ మనస్సులో ఒక ప్రశ్న మిగిలిపోయెను: 'నా ప్రయోగశాలలో పడుచున్న సీసము ఎవరిది?'

ఆయన సముద్రపు నీటిని కొలిచెను. లోతు నీటికంటె పై నీటిలో సీసము హెచ్చుగా నుండెను. అనగా అది ఇటీవల పైనుండి వచ్చి పడుచున్నది. లోతునకు కలియుటకు ఇంకను సమయము చాలలేదు. ఈ ఫలితము 1963లో వెలువడెను. పిమ్మట గ్రీన్లండులో ఏండ్లకొలది పొరలుపొరలుగా పేరుకొనిన మంచును తీసి కొలిచెను. ఇరువదియేడు వందల యేండ్లనాటి మంచుకంటె 1965 నాటి మంచులో సీసము రెండువందల రెట్లకు మించి యుండెను. 1940 తరువాత అది మఱింత వేగముగా పెరిగెను. ఈ లెక్కలు 1969లో ప్రకటింపబడినవి.

కారణము స్పష్టమయ్యెను. మోటారు యంత్రములలో కలుగు ఒకవిధమైన కొట్టుకొను చప్పుడును ఆపుటకై 1923 నుండి పెట్రోలులో సీసపు సమ్మేళన మొకటి కలుపుచుండిరి. అది మండి, పొగతో పాటు గాలిలో చేరి, నేలమీదను నీటిమీదను మనుష్యుల ఊపిరితిత్తులలోను పడుచుండెను. సీసము విషమని అందఱెఱుగుదురు. పెరుగుచున్న బాలుర మెదడునకు అది మిక్కిలి హానికరము. అయినను 'మనుష్యుల దేహములో ఈపాటి సీసము సహజమే' యని పలువురు వాదించుచుండిరి. వారి ప్రయోగశాలలలో పాత్రలును గాలియును సీసముతో నిండియున్నవి గనుక, వారు కొలిచిన ప్రతి వస్తువులోను సీసము కనబడెను. అంతట నున్నది గనుక సహజమని వారు భ్రమపడిరి.

1965లో ప్యాటర్సన్ ఈ భ్రమను ఖండించుచు ఒక వ్యాసము ప్రకటించెను. 'సామాన్యము' వేఱు, 'సహజము' వేఱు అని ఆయన వాదము. ఎల్లరి దేహములలో నున్నంత మాత్రమున అది ప్రకృతి పెట్టినది కాదు. 1966లో అమెరికా శాసనసభ యుపసంఘము ఎదుట ఆయన సాక్ష్యము చెప్పెను. ఆయనకు పరిశోధన ధనము కొంత ఆగిపోయెను. 1971లో గాలిలోని సీసమును గూర్చి నివేదిక తయారుచేసిన నిపుణుల సంఘములో, ఆ విషయము నందఱికంటె బాగుగా ఎఱిగిన ఆయనకు స్థానము లభింపలేదు. అయినను ఆయన కొలుచుట మానలేదు. 1980లో డొరతీ సెటిల్ అను సహచరితో కలిసి, తాజా సముద్రపు చేపలో ఇతరులు చెప్పుచున్న సీసములో వేయవ వంతైనను లేదని, సీసపు అతుకుగల డబ్బాలలో నిలువచేసిన చేపలో మాత్రము అది వేలరెట్లు పెరుగుచున్నదని చూపెను. పాత లెక్కలలో ఈ భేదము కనబడలేదు. ఏలన, తాజా చేపను కొలుచునపుడే వారు తమ చేతులతో సీసమును చేర్చియుండిరి.

మెల్లమెల్లగా ప్రభుత్వములు మేల్కొనినవి. అమెరికాలో 1970 తరువాత పెట్రోలులో సీసమును క్రమముగా తగ్గించి, 1996 నాటికి రోడ్లపై తిరుగు వాహనములకు దానిని పూర్తిగా నిషేధించిరి. అచటి ప్రజల నెత్తురులో సగటున డెసిలీటరునకు 12.8 మైక్రోగ్రాములుండిన సీసము, 1976కును 1991కును నడుమ 2.8కి దిగెను. మన దేశములో 2000వ సంవత్సరమున సీసపు పెట్రోలు అమ్మకము ఆగిపోయెను. 2021లో అల్జీరియా దేశము కూడ మానుటతో లోకమందెచ్చటను వాహనములకు సీసపు పెట్రోలు పోయుట నిలిచిపోయెను. ప్యాటర్సన్ 1995లోనే మరణించెను. ఆ దినమును ఆయన చూడలేదు.

నేటి యుపయోగము

నేడు ఈ పద్ధతి రసాయన శాస్త్రములోని మిక్కిలి నమ్మదగిన కొలతలలో నొకటి. ఇతర కొలతలను సరిచూచుటకు దీనిని ప్రమాణముగా గైకొందురు. వైద్యశాలలలో కొలెస్టెరాలు మొదలగువాని పరీక్షలకు మూలమైన ప్రమాణములను దీనితో నిర్ణయింతురు. మన తీరమునుండి విదేశములకు పోవు రొయ్యలలో నిషేధింపబడిన మందులున్నవో లేవో పరీక్షించునపుడు, బరువైన హైడ్రోజనుతో తయారుచేసిన అదే మందును ముందుగా కలిపి కొలుచుదురు. ఆ లెక్క తప్పినచో నిర్దోషియగు రైతు నష్టపడును. లేదా తినువాని ఆరోగ్యము చెడును. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో శాస్త్రజ్ఞులు ఐసోటోపులను కొలిచి మన శిలల వయస్సును తెలిసికొనుచున్నారు.

బాలబాలికలారా! ఈ కథలో యంత్రములు గొప్పవే; ఐసోటోపులు గొప్పవే. కాని వానికంటె గొప్పది ప్యాటర్సన్ ఖాళీపాత్రను పరీక్షించిన ఘట్టము. ఇతరుల వస్తువులో దోషము వెదకుటకు ముందు, తన పాత్రలో నేమున్నదో ఆయన చూచుకొనెను. నేటికిని ప్రయోగశాలలలో ఈ ఖాళీపరీక్ష చేయక ఏ కొలతను అంగీకరింపరు. మీరును లెక్క తప్పినపుడు, మాట తేడా వచ్చినపుడు, ముందుగా మీ కుంచమును తిరుగవేసి చూచుకొనుడు. కొలుచువాని కుంచము శుభ్రముగ నున్నప్పుడే కొలత లోకమునకు లాభమగును.

ప్రశ్నలు

1. బస్తా చిరిగి సగము గింజలు పడిపోయినను లెక్క ఏల మారదు?
2. హెవెసీ తన యపజయమును ఉపయోగముగా నెట్లు మార్చుకొనెను?
3. ఒక బస్తాలో 500 పచ్చజొన్నలు కలిపి, కొన్ని గింజలు తీయగా తెల్లవి 300, పచ్చవి 10 వచ్చినవి. బస్తాలోని తెల్లగింజ లెన్ని?
4. 'సామాన్యము వేఱు, సహజము వేఱు' అనుమాటను మీ యనుభవమునుండి ఒక యుదాహరణముతో వివరింపుడు.
5. ఖాళీపాత్రను పరీక్షించుటవలన ప్యాటర్సన్ తెలిసికొన్న సత్యమేమి?